నిప్పులో తేలిన నీలం

లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో గాజుపూత వేసిన మట్టిపలక ఒకటి ఉంది. క్రీస్తు సమాధి నుంచి లేచిన ఘట్టం దాని మీది బొమ్మ. సుమారు 1510-20 మధ్య ఇటలీలో తయారైంది. గీసినవాడి పేరు ఎవరికీ తెలియదు. అందుకే కళాచరిత్రకారులు ఈ పలక పేరుతోనే అతన్ని ‘పునరుత్థాన ఫలకపు మాస్టర్’ అంటారు. జర్మన్ చిత్రకారుడు డ్యూరర్ చెక్కదిమ్మెలతో అచ్చువేసిన చిత్రాలు అతనికి ఆధారం. కాగితాల మీద ఆల్ప్స్ దాటి వచ్చిన ఆ నల్లగీతలకు ఇతను రంగులు తొడిగాడు.

ఆ కాలపు తైలవర్ణ చిత్రాలు చాలావాటి మీద వార్నిష్ పసుపెక్కిపోయింది. ఇలాంటి పలకలు మాత్రం 500 ఏళ్లయినా నిన్న ఆవంలోంచి తీసినట్టుంటాయి. కారణం ఒకటే: ఇక్కడ రంగు పైపూత కాదు, గాజులో కరిగి అందులోనే ఉండిపోయింది.

ఈ పనితనాన్ని మయోలికా అంటారు. మట్టిని ఒకసారి కాల్చి, దాని మీద తెల్లటి పూత వేస్తారు. ఆ తెలుపే దీనికి ప్రాణం. సీసం, తగరం కలిపి కాల్చిన బూడిదను, ఇసుకను, ద్రాక్షసారా పీపాల అడుగున పేరుకున్న మడ్డి నుంచి తీసిన క్షారాన్ని కలిపి పూత తయారుచేసేవారు. కొలిమి వేడికి సీసం, ఇసుక కరిగి గాజవుతాయి. తగరపు ఆక్సైడ్ మాత్రం పెద్దగా కరగదు, సన్నటి రేణువులుగా గాజులో మిగిలిపోతుంది. దాని వక్రీభవన గుణకం (వెలుగును వంచే శక్తికి కొలత) సుమారు 2, చుట్టూ ఉన్న గాజుది అంతకంటే తక్కువ. అందువల్ల లోపలికి వచ్చిన వెలుగు ప్రతి రేణువు దగ్గరా దారి తప్పి, అన్ని రంగులూ కలిసే వెనక్కి వస్తుంది, అదే మనకు తెలుపుగా కనిపిస్తుంది. పాలలో వెన్న బొట్లు చేసే పని కూడా ఇదే. తగరం వల్ల ఇంకో మేలుంది: కరిగిన పూత చిక్కగా ఉంటుంది కాబట్టి గీసిన గీత చెదరదు. ఉత్త సీసపు పూతలో అయితే క్రీస్తు ముఖం పక్కకు జారిపోయేది.

బొమ్మ గీసేది పూత కాలకముందే. అప్పుడది ఆరిన సున్నంలా పొడిపొడిగా ఉంటుంది. తడి కుంచె ఆనగానే నీటిని గుటుక్కున పీల్చేస్తుంది. ఒకసారి పడిన గీతను తుడవడానికి వీల్లేదు. మేక వెంట్రుకలతో కుంచెలు కట్టేవారు, సన్నటి పనికి ఎలుక మీసాలు వాడేవారు. అంతకంటే కష్టం మరొకటుంది. నీలానికి వాడే కోబాల్ట్ పొడి పూసేటప్పుడు నీలంగా ఉండదు, మసకబారిన బూడిదరంగులో ఉంటుంది. గాజులో కరిగాకే నీలమవుతుంది. ఆకుపచ్చకు రాగి, ఊదాకు మాంగనీస్, పసుపుకు సీసం-ఆంటిమొనీ. ఎరుపు మాత్రం ఓ పట్టాన లొంగేది కాదు. ఇనుము గాజులో కరిగితే ఎరుపు పోయి పసుపో గోధుమో మిగులుతుంది. అందుకే ఈ బొమ్మల్లో ఎర్రగా ఉండాల్సిన బట్టలు చాలాసార్లు నారింజరంగులో కనిపిస్తాయి.

పలకకు పలక కష్టాలు వేరే ఉన్నాయి. గిన్నెకు వంపు బలమిస్తుంది. చదును మట్టికి ఆ అండ లేదు, అంచులు ముందు ఆరి పైకి లేస్తాయి. మట్టీ గాజూ చల్లారేటప్పుడు ఒకే తీరున ముడుచుకోవాలి. గాజు ఎక్కువ ముడుచుకుంటే పాత టీ కప్పుల మీద కనిపించే వెంట్రుక పగుళ్లు వస్తాయి. ఇటలీ కుమ్మరులు సున్నం ఎక్కువున్న మట్టిని ఎంచుకోవడం ఇందుకు బాగా కలిసొచ్చింది. వ్యాకోచం లెక్కలు వాళ్లకు తెలియవు, చేతి అనుభవమే తెలుసు. నాకు అన్నిటికంటే గొప్పగా అనిపించేది అదే.

1557 ప్రాంతంలో చిప్రియానో పికోల్‌పాసో అనే ఇటలీవాడు ఈ పనినంతా రాసిపెట్టాడు. కొలిమి వెలిగించేముందు దేవుణ్ణి మనసారా ప్రార్థించమంటాడు. చంద్రుడు క్షీణించే రోజుల్లో నిప్పుకూ వెలుగు తగ్గుతుందని పెద్దలు చెప్పిన మాట గుర్తుచేస్తాడు. దాదాపు పన్నెండు గంటలు కట్టెలు ఎగదోస్తూ కూర్చోవాలి. తర్వాత కొలిమి చల్లారేదాకా ఆగాలి. మూసిన ఇటుకలు తీసి చూశాకే, తాను బూడిదరంగులో గీసిన ఆకాశం నీలమైందో లేదో చిత్రకారుడికి తెలిసేది.