ఒక్క గడి తెచ్చిన తంటా: అమెరికా బాలింతల మరణాల లెక్క

2023 లెక్కలు బయటికొచ్చాక అమెరికాలో పాత గొడవ మళ్లీ రాజుకుంది. లక్ష సజీవ జననాలకు తల్లుల మరణాలు దేశం మొత్తం మీద 22.3 నుంచి 18.6కి తగ్గాయి. శ్వేతజాతి మహిళల్లో 19 నుంచి 14.5కి దిగాయి. నల్లజాతి మహిళల్లో మాత్రం 49.5 కాస్తా 50.3 అయింది. ఇంత చిన్న తేడాను గణాంకాల్లో పెరుగుదలగా లెక్కించరు కాబట్టి, ఉన్నచోటే ఉన్నట్టు. (మనవాళ్లు వచ్చేది ‘ఆసియన్’ వరుసలో: 10.7. అందులో ఏ దేశం వాళ్లు ఎలా ఉన్నారో ఆ వరుస చెప్పదు.)

నల్లజాతి, శ్వేతజాతి తల్లుల మధ్య ఈ తేడాకు వివక్షే కారణమని ఒక పక్షం అంటుంటే, అసలు లెక్కే తప్పని ఇంకో పక్షం అంటోంది. ఈ రెండో మాట పుట్టింది 2003లో.

ఆ ఏడాది మరణ ధ్రువపత్రం నమూనాలో ఒక గడి చేర్చారు: చనిపోయినామె గర్భవతా? ఏడాదిలోపు గర్భవతిగా ఉందా? అంతకుముందు చాలా మరణాలు లెక్కకు రాకుండా పోయేవి కాబట్టి ఉద్దేశం మంచిదే. కానీ రాష్ట్రాలన్నీ ఒకేసారి మారలేదు, 2017 దాకా సాగదీశాయి. గడి పెట్టిన చోటల్లా రేటు ఎగబాకింది. గందరగోళం ఎంతంటే, 2007 తర్వాత జాతీయ రేటు ప్రకటించడమే ఆపేశారు, 2020 జనవరి వరకు. టెక్సస్‌లో 2012కి అధికారిక లెక్క 147. రికార్డులు తిరగేస్తే తేలింది 56. ఎనభై అయిదు దాటిన ముసలమ్మల పేరిట కూడా గర్భవతి అని టిక్ పడింది!

2024లో కొందరు పరిశోధకులు గడిని పక్కనపెట్టి, మరణ కారణాల్లో గర్భం ప్రస్తావన ఉన్నవే లెక్కేశారు. 1999-2002లో 10.2, 2018-21లో 10.4. అంటే పెరుగుదలే లేదు. ఇలా చేస్తే నిజమైన మరణాలు జారిపోతాయని ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ అభ్యంతరం చెప్పింది. వాదనలో పస ఉంది. అయితే ‘సంక్షోభమే లేదు’ అని దీన్ని చూపించేవాళ్లు ఒకటి దాటేస్తున్నారు: ఆ లెక్కలోనూ నల్లజాతి తల్లుల మరణాలు శ్వేతజాతివారి కంటే దాదాపు మూడు రెట్లు. గడి తీసేసినా తేడా పోలేదు.

పేదరికం అని సరిపెట్టుకోవడానికీ లేదు. 2007-16 మధ్య డిగ్రీ చదివిన నల్లజాతి మహిళల రేటు, అంతే చదివిన శ్వేతజాతి మహిళల కంటే 5.2 రెట్లు.

తేడా తగ్గిన ఆనవాలు కాలిఫోర్నియాలో దొరుకుతుంది. అక్కడ 2006 నుంచి ఒక సమీక్షా కమిటీ ఒక్కో మరణాన్నీ ఫైలు తెరిచి చూసింది. రక్తస్రావాన్ని గుర్తించడంలో ఆలస్యం పదేపదే కనబడింది. దాంతో ప్రసూతి వార్డుల్లో అత్యవసర సామగ్రి బండి సిద్ధంగా ఉంచారు. పోయిన రక్తాన్ని కంటితో అంచనా కట్టడం మాని, తడిసిన గుడ్డల్ని తూకం వేయమన్నారు. 2013 నాటికి రాష్ట్ర రేటు సగానికి పైగా తగ్గింది. తర్వాత 99 ఆసుపత్రుల లెక్క తీస్తే, రక్తస్రావమైనవారిలో తీవ్ర సమస్యలు నల్లజాతి తల్లులకే ఎక్కువగా తగ్గాయి.

ఇలాంటి సమీక్షా కమిటీలకు 2018 చట్టం నిధులిచ్చింది. గర్భ సంబంధిత మరణాల్లో 80 శాతానికి పైగా నివారించదగినవేనని తేల్చిందీ ఈ కమిటీలే. కాగా 2024 నవంబరులో జార్జియా రాష్ట్రం, గోప్య వివరాలు పత్రికకు చేరాయంటూ తన కమిటీ సభ్యులందర్నీ తొలగించింది. 2025 ఏప్రిల్‌లో, బాలింతల అనుభవాలను 1987 నుంచి సేకరిస్తున్న ‘ప్రామ్స్’ సర్వే సిబ్బందిని కేంద్ర ప్రభుత్వం సెలవుపై పంపింది.