ఒక్క కడుపున పుట్టినా ఒక్కలా ఎందుకు ఉండరు? స్వభావాల గురించి అపోహలు – వాస్తవాలు

పోయిన దసరా సెలవుల్లో, హన్మకొండలోని నా కౌన్సెలింగ్ గదికి పరకాల వైపు నుంచి ఒక తల్లి ఇద్దరు బిడ్డలను తీసుకొచ్చింది. (ఎవరో తెలియకుండా కొన్ని వివరాలు మార్చాను.) చిన్నది ఎనిమిదో తరగతి. వచ్చీ రాగానే గోడ మీది బొమ్మల గురించి నాలుగు ప్రశ్నలు వేసింది. పెద్దది ఇంటర్ మొదటి సంవత్సరం, హాస్టల్లో ఉంటుంది. కుర్చీ అంచున కూర్చుని, చేతిలోని జీరో టికెట్‌ను సన్నగా మడతపెట్టి, విప్పి, మళ్లీ మడతపెడుతోంది.

"ఒక్క కడుపుల పుట్టిండ్రు మేడం, ఒక్క కంచంల తిన్నరు. ఇది గిట్లెందుకైంది? నేనెక్కడ తప్పు జేసిన్నో చెప్పుండ్రి" అని ఆ తల్లి కళ్లనీళ్లు పెట్టుకుంది.

ఈ ప్రశ్న నేను దాదాపు ప్రతి వారం వింటాను. తప్పు ఆ తల్లిది కాదు. ఎందుకు కాదో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

అపోహ: ఒకే ఇంట్లో ఒకేలా పెంచితే పిల్లలు ఒకేలా తయారవుతారు.

వాస్తవం: పిల్లలు పుట్టడమే వేర్వేరు స్వభావాలతో పుడతారు. 1956లో న్యూయార్క్‌లో అలెగ్జాండర్ థామస్, స్టెల్లా చెస్ అనే డాక్టర్ దంపతులు పసిపిల్లలను నెలల వయసు నుంచే గమనించడం మొదలుపెట్టి, ఏళ్ల తరబడి కొనసాగించారు. నూటికి 40 మంది దేనికైనా తొందరగా అలవాటు పడ్డారు. 10 మంది నిద్రకూ తిండికీ పేచీ పెట్టేవాళ్లు. 15 మంది కొత్త మనిషిని చూస్తే ముందు వెనక్కి తగ్గి, మెల్లగా దగ్గరయ్యేవాళ్లు. మిగిలినవాళ్లు ఏ గుంపులోనూ పూర్తిగా ఇమడలేదు. పెంపకం తన పని మొదలుపెట్టకముందే ఈ తేడాలు ఉన్నాయి.

తర్వాత కవలల మీద, దత్తత పిల్లల మీద ఎన్నో పరిశోధనలు జరిగాయి. మనుషుల వ్యక్తిత్వాల మధ్య కనిపించే తేడాల్లో సుమారు 40 నుంచి 50 శాతం జన్యువుల వల్లేనని అవి తేల్చాయి. తోడబుట్టినవాళ్లకు ఈ తేడాలు తెచ్చే జన్యువుల్లో సగటున సగమే కలుస్తాయి. ఇక మిగతా భాగంలో "ఒకే ఇల్లు" అన్నదాని వాటా మనం అనుకునేదానికన్నా చాలా తక్కువ. ఎవరికి వారికి ఎదురైన టీచర్లు, స్నేహితులు, జబ్బులు, దెబ్బలు ఎక్కువ తేడా తెస్తాయి. ఈ ఇంట్లోనే చూడండి. పెద్దమ్మాయికి ఐదేళ్లప్పుడు పత్తి దెబ్బతిని, తండ్రి రెండేళ్లు సూరత్ పోయాడు. రోజూ అప్పులవాళ్లు వాకిట్లోకి రావడం ఆమె చూసింది. చిన్నదానికి అప్పటికి ఊహే తెలియదు.

అంటే పెంపకానికి విలువ లేదని కాదు. పిల్ల స్వభావానికీ, చుట్టూ ఉన్నవాళ్లు ఆమె నుంచి కోరేదానికీ పొసగనప్పుడే ఇబ్బంది పుడుతుందని థామస్, చెస్ చెప్పారు. మెల్లగా కలిసే పిల్లను తీసుకెళ్లి ముక్కూమొహం తెలియని వందల మంది మధ్య వదిలి, వారంలోనే "అందరితో కలవవేం?" అని నిలదీస్తే ఆ పిల్ల ఇంకా ముడుచుకుపోతుంది. చెల్లెలితో పోల్చడం మొదలైతే మరీ కష్టం. నా గదిలో నేను ఎక్కువగా కోపగించుకునేది ఈ పోలిక మీదే.

అపోహ: అయితే అంతా రక్తంలోనే ఉంది. వాళ్ల నాయిన కోపిష్టి, వీడూ అంతే.

వాస్తవం: 50 శాతం అంటే మీ అబ్బాయి కోపంలో సగం వాళ్ల నాయిన నుంచి వచ్చిందని అర్థం కాదు. అది ఎంతోమందిని కలిపి చూసి, వాళ్ల మధ్య తేడాల గురించి వేసిన లెక్క. ఒక్క మనిషికి వర్తించదు. కోపానికంటూ ఒక జన్యువు లేదు. వేల జన్యువులు తలా కాస్త తోడవుతాయి. జన్యువులన్నీ కలిసే కవలల్లో కూడా ఒకరు నెమ్మదిగా, ఒకరు దూకుడుగా ఉండటం ఉంది.

అపోహ: పెద్దోడికి బాధ్యత, చిన్నోడికి అల్లరి.

వాస్తవం: వందేళ్ల కిందటి మానసిక వైద్యుడు ఆల్ఫ్రెడ్ ఆడ్లర్ కాలం నుంచీ ఉన్న మాట ఇది. అమెరికా, బ్రిటన్, జర్మనీల్లో 20,000 మందికి పైగా వివరాలతో 2015లో సరిచూస్తే, పుట్టిన వరుసకూ బాధ్యతకూ, కలుపుగోలుతనానికీ సంబంధం దొరకలేదు. మనం పెద్దోణ్ని చూసేటప్పుడు వాడి వయసునే గుణం అనుకుంటాం.

అపోహ: ఫలానా రాశిలో పుడితే ఫలానా గుణం.

వాస్తవం: 1948లో బెర్ట్రమ్ ఫోరర్ అనే సైకాలజిస్టు తన విద్యార్థులందరికీ ఒకే వర్ణన రాసిచ్చి, ఇది నీ స్వభావమే అన్నాడు. తమకు సరిపోయిందంటూ వాళ్లు 5కి సగటున 4కు పైగా మార్కులు వేశారు. ఆ వాక్యాలను అతను తీసుకున్నది ఒక జ్యోతిషం పుస్తకం నుంచి. ఎవరికైనా సరిపోయే మాటలు మన కోసమే చెప్పినట్టు అనిపిస్తాయి.

అపోహ: పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదు.

వాస్తవం: పోతుంది అనను, మారుతుంది అంటాను. 20 దాటి 40 వచ్చేలోపు చాలామందిలో బాధ్యత పెరుగుతుంది, ఊరికే ఆందోళన పడటం తగ్గుతుంది. 200కు పైగా అధ్యయనాలను కలిపి 2017లో చూసినప్పుడు, మానసిక సమస్యలకు చికిత్స తీసుకున్నవాళ్లలో కొన్ని నెలల్లోనే స్వభావంలో మార్పు కనిపించింది. భయం, టెన్షన్ ఎక్కువగా ఉండే స్వభావంలో అది మరీ స్పష్టంగా ఉంది.

అపోహ: వాని గుణమే అంత, పట్టించుకోవద్దు.

వాస్తవం: ఇది అన్నిటికన్నా ప్రమాదం. స్వభావం ఏళ్లుగా కనిపిస్తుంది. గలగలా మాట్లాడే పిల్ల ఉన్నట్టుండి మూగబోయి, రెండు వారాలైనా తిండీ నిద్రా సరిగా లేకుండా ఉంటే అది గుణం కాదు. వెంటనే డాక్టరుకు చూపించాలి. మానసిక ఆరోగ్య సాయం కోసం ప్రభుత్వం నడిపే టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడతారు.

ఆ పెద్దమ్మాయిని కూడా నేను ముందు ఇదే అడిగాను. నిద్ర పడుతోందా, తింటున్నావా, హాస్టల్‌కు పోకముందు ఎట్లా ఉండేదానివి అని. తింటున్నానంది, పడుకుంటున్నానంది. తర్వాత బతుకమ్మ ఎవరు పేరుస్తారు మీ ఇంట్లో అన్నాను. తల్లి అందుకుంది: "ఇదే మేడం. గునుగుకు రంగులద్ది, తంగేడు వరుస తప్పకుండ మూడు గంటలు కూసుంటది. పాటెత్తేది చిన్నది." పెద్దమ్మాయి టికెట్ మడతపెట్టడం ఆపింది. "చిన్నప్పటి సంది నేనే పేరుస్త" అంది, మొదటిసారి నా మొహంలోకి చూసి.