గుంజకు కట్టిన జీతం

పోయిన నెల ఒంగోలు నుంచి నా దగ్గర చదువుకున్న అమ్మాయి ఒకామె ఫోన్ చేసింది. నెల్లూరులో రొయ్యలు ఎగుమతి చేసే కంపెనీ ల్యాబ్‌లో ఉద్యోగానికి ఇంటర్వ్యూ ఉందట. "మేడమ్, ఇప్పుడు నీకెంత వస్తోందని అడుగుతారంట. పద్దెనిమిది వేలని చెప్పేదా? ఆ పనికి ఎంత అడగాలో కూడా నాకు తెలియట్లా" అంది. ఫోన్లో సగమే చెప్పగలిగాను. మిగతా సగం ఇది.

ధైర్యంగా మాట్లాడాలి, కళ్లలోకి చూడాలి లాంటి సలహాలు ఎక్కడైనా దొరుకుతాయి, వాటి జోలికి పోను. ఒక అంకె చెవిన పడగానే మనసు ఏం చేస్తుందన్నదే నన్ను ఏళ్లుగా వదలని విషయం.

1974లో ఆమోస్ ట్వెర్‌స్కీ, డేనియల్ కానమన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక ప్రయోగం గురించి రాశారు. అంకెలున్న చక్రం తిప్పుతారు. అది 10 దగ్గరో 65 దగ్గరో మాత్రమే ఆగేలా ముందే అమర్చిపెట్టారు. తర్వాత, ఐక్యరాజ్యసమితిలో ఆఫ్రికా దేశాలు ఎంత శాతం అని అడుగుతారు. 10 చూసినవాళ్ల మధ్యస్థ జవాబు 25, 65 చూసినవాళ్లది 45. చక్రానికీ ఆఫ్రికాకూ ఏ సంబంధమూ లేదు. అయినా అంకె పట్టుకుంది.

మా వైపు ఎద్దును గుంజకు కట్టేసి మేతకు వదలడం అందరూ చూసిందే. ఒంగోలు గిత్త ఎంత బలమైనదైనా సరే, మేత మొదలయ్యేది గుంజ దగ్గర, ఆగేది పలుపు బిగిసిన చోట. మనసూ అంతే. 65 మరీ ఎక్కువనిపించి కిందికి దిగుతుంది. దిగుతూ దిగుతూ "ఇది ఉండొచ్చులే" అనిపించిన మొదటి చోటే ఆగిపోతుంది. ఆ చోటు ఎప్పుడూ గుంజ వైపు అంచే. అసలు జవాబు అవతలి అంచుకు దగ్గరగా ఉన్నా అక్కడిదాకా నడవదు. తర్వాతి పరిశోధకులు ఇంకో మెలిక కూడా చూపించారు: విన్న అంకెకు సరిపోయే జ్ఞాపకాలనే మనసు ముందుగా తవ్వి తీస్తుంది. అంటే గుంజ ఆపడమే కాదు, మనం ఏ గడ్డి చూడాలో కూడా అదే నిర్ణయిస్తుంది. అనుభవం ఉంటే తప్పించుకోవచ్చు అనుకోవద్దు. 1987లో ఇళ్లు అమ్మించే ఏజెంట్లకు ఒకే ఇల్లు చూపించి, అమ్మేవాళ్లు అడుగుతున్న ధర మాత్రం ఒక్కొక్కరికి ఒక్కోలా చెప్పారు. ఆ ధరను బట్టే వాళ్ల అంచనాలు కదిలాయి. దాన్ని పట్టించుకున్నామని ఒప్పుకున్నవాళ్లు మాత్రం కొద్దిమందే.

"ఇప్పుడు ఎంత వస్తోంది?" అనే ప్రశ్న పాత గుంజను పీకి కొత్త ఊళ్లో పాతడమే. పాత చోట ఆడపిల్లని తక్కువిచ్చి ఉంటే ఆ తక్కువ కూడా వెంట వస్తుంది. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రం 2016లో, ఉద్యోగం ఖాయం చేయకముందు ఈ ప్రశ్న అడగకూడదని చట్టం చేసింది అందుకే.

లెక్క వేసి చూడండి. ఒకరు నెలకు 18,000తో, ఒకరు 20,000తో చేరారు. ఇద్దరికీ ఏటా 8 శాతమే పెంపు. మొదటి ఏడాది తేడా 24,000. ముప్పయ్యో ఏడాదిలో ఒక్క ఏటి తేడాయే 2,23,000 దాటుతుంది. ముప్పై ఏళ్లదీ కలిపితే 27 లక్షల పైమాట. చక్రవడ్డీ పాఠం ఎన్నో ఏళ్లు చెప్పాను, ఎప్పుడూ బ్యాంకు అప్పుతోనే చెప్పాను. ఆడపిల్లలు నిండిన క్లాసులో జీతంతో ఒక్కసారైనా చెప్పి ఉండాల్సింది. ఆఫర్ లెటర్ మీద సంతకానికి రాహుకాలం చూసుకునే ఇళ్లున్నాయి. ఆ పనికి ఆ ఊళ్లో ఎంత నడుస్తోందో వాకబు చేసే ఇళ్లు తక్కువ. నాకు బాధ అక్కడే.

అసలు మన మాటల్లోనే రెండు గుంజలున్నాయి: మగకూలి, ఆడకూలి. చిన్నప్పుడు పొగాకును వేడితో ఆరబెట్టే బ్యారన్ల దగ్గర ఆడవాళ్లు గ్రేడింగ్ చేస్తుంటే చూస్తూ కూర్చునేదాన్ని. ఆకు రంగు, మచ్చ, మందం చూసి క్షణంలో ఏ గ్రేడో తేల్చేవాళ్లు. రైతుకు వేలంలో వచ్చే ధర ఆ వేళ్ల మీదే ఆధారపడేది. వాళ్ల కూలి మాత్రం పని చూసి కాక, ఊళ్లో ఆడకూలి ఎంతో చూసి తేలేది. సమాన పనికి సమాన వేతనం చట్టం 1976లోనే వచ్చింది. అయినా నా కంటికి గుంజ కదిలినట్టు కనిపించింది 2005 నాటి ఉపాధి హామీ చట్టంతోనే. ఆడామగా తేడా లేని ఒకే రేటు బహిరంగమైంది. పొలానికి పిలిచేవాళ్లు కూడా ఆ అంకె దగ్గరే మాట మొదలుపెట్టాల్సి వచ్చింది.

అడగడానికి జంకే ఆడవాళ్లది పిరికితనం అంటే నేను ఒప్పుకోను. 2007లో బౌల్స్, బాబ్‌కాక్, లై అనే పరిశోధకులు చేసిన ప్రయోగాల్లో, జీతం పెంచమని అడిగిన మగవాడికంటే అలాగే అడిగిన ఆడమనిషితో కలిసి పనిచేయడానికి జనం ఎక్కువ వెనకాడారు. జంకుకు కారణం ఉంది. లైబ్రాంట్, లిస్ట్ అమెరికాలో నిజమైన ఉద్యోగ ప్రకటనలు ఇచ్చి చూశారు. జీతం గురించి మాట్లాడుకోవచ్చని ప్రకటనలో ఒక్క ముక్క రాస్తే చాలు, అడగడంలో ఆడామగా తేడా పోయింది. 2010లో అమనతుల్లా, మోరిస్ ఇంకోటి తేల్చారు: తనకోసం తగ్గి అడిగే స్త్రీ, స్నేహితురాలి కోసమైతే మగవాళ్లతో సమానంగా అడుగుతుంది.

ఈ చివరిది చదివినప్పుడు నాకు నెల్లూరు జిల్లాలోని దూబగుంట ఊరు గుర్తొచ్చింది. 1992లో అక్షరాలు దిద్దుకుంటున్న ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారు. ఆ పోరాటం జిల్లా అంతా పాకి సారా వేలం పాటలనే అడ్డుకున్నారు. 1993లో రాష్ట్రమంతటా సారా బంద్ అయింది. వాళ్లు అడిగింది పిల్లల అన్నం కోసం, పక్కింటామె ఒంటి మీద దెబ్బలు ఆగడం కోసం. అదే గొంతు తన కూలి దగ్గరకు వచ్చేసరికి ఎందుకు తగ్గుతుందో ఆ ప్రయోగం కొంత చెబుతోంది.

అందుకే ఆ అమ్మాయికి చెప్పాను: పాత జీతం అడిగితే, "ఈ పనికి ఇక్కడ ఇంత నడుస్తోందండీ, నేను ఇంత అనుకుంటున్నాను" అని నీ అంకె నువ్వే ముందు చెప్పు. ఒకవేళ వాళ్లే ముందు చెబితే, వాళ్ల అంకెను మనసులోంచి తీసేసి, వాళ్లు ఎంతదాకా ఇవ్వగలరన్నదే తలుచుకో. అలా తలుచుకుంటే గుంజ పట్టు సడలుతుందని గలిన్‌స్కీ, ముస్‌వైలర్ 2001లో చూపించారు. దానికి ముందు, అదే పని చేస్తున్న ముగ్గురిని కనుక్కో, వాళ్లలో ఒక్కడైనా మగవాడై ఉండాలి.

రెండు రోజులకు మళ్లీ ఫోన్. తనతో డిగ్రీ చదివిన కుర్రాడు అదే పనిలో 23,500 తీసుకుంటున్నాడట. "అడగ్గానే చెప్పేశాడు మేడమ్. ఇన్నేళ్లలో మన బ్యాచ్ అమ్మాయిలెవరూ నన్నడగలేదే అన్నాడు."