ఎడారిలో ఉరుకుడు, వరద బాధితులకు పైసలు: అపోహలు - వాస్తవాలు

2023 జులై 27 పొద్దటికల్లా, ఇరవై నాలుగు గంటల్లో, ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. ఒక్క రోజులో అంత వాన రాష్ట్రంలో అంతకు ముందెప్పుడూ నమోదు కాలేదు. ఆ తెల్లవారుజామునే మోరంచవాగు పొంగి భూపాలపల్లి జిల్లా మోరంచపల్లిని ముంచింది. జనం డాబాల మీదికెక్కి ప్రాణాలు కాపాడుకున్నారు. పడవలు, హెలికాప్టర్లు వస్తే గానీ కిందికి దిగలేకపోయారు.

ఆ డిసెంబరులో నేను జైసల్మేర్ దగ్గర థార్ ఎడారిలో వంద కిలోమీటర్లు ఉరికాను. వాగు ఒడ్డున పొలాలు పోయిన రైతుల కోసం ఆ పరుగు పేరు మీద పైసలు పోగు చేశాం. ఆ తర్వాత ఇంకోసారీ పోయాను. హన్మకొండలో పొద్దున వడ్డేపల్లి చెరువు కట్ట మీద మాతో పాటు పరుగెత్తేవాళ్లలో ఇప్పుడు మరో నలుగురు తయారవుతున్నారు. వాళ్లూ, వాళ్ల ఇంటివాళ్లూ అడిగేవి అవే ప్రశ్నలు. అందుకే ఒక్కచోట రాస్తున్నాను. నేను బడిలో పీఈటీని, డాక్టర్ని కాను. బీపీ, షుగర్, గుండె సమస్య ఉన్నవాళ్లు ముందు డాక్టర్ని అడిగి తర్వాత బూట్లు కొనండి.

అపోహ: రామగుండం ఎండల్లో పుట్టి పెరిగినోళ్లం, మనకు ఎడారి ఒక లెక్కనా?

మొదటిసారి నేనూ ఇదే అనుకున్నాను. కానీ ఎండలో పుట్టడం వేరు, ఎండలో పనిచేయడం వేరు. సింగరేణి ఓపెన్‌కాస్ట్‌లో మే నెలలో డ్యూటీ చేసే మనిషికి ఆ అలవాటు నిజంగానే ఉంటుంది. కూలర్ ముందు కూర్చునే నాలాంటివాడికి ఉండదు. రోజూ గంట, గంటన్నర వేడిలో కష్టపడితే పది పద్నాలుగు రోజుల్లో ఒళ్లు దారికొస్తుంది. రక్తంలో నీటి భాగం పెరుగుతుంది, చెమట తొందరగా మొదలవుతుంది, చెమటతో పోయే ఉప్పు తగ్గుతుంది. మానేస్తే కొన్ని వారాల్లోనే ఆ అలవాటు పోతుంది. పుట్టుకతో వచ్చి చచ్చేదాకా ఉండేది కాదది.

ఇంకో తేడా కూడా ఉంది. మనల్ని చల్లబరిచేది చెమట కారడం కాదు, ఆరడం. జులైలో వరంగల్ ఉక్కపోతకు చెమట ధారగా కారి బనియన్ తడుస్తుంది గానీ ఒళ్లు చల్లబడదు. ఎడారి గాలి పొడిగాలి, చెమట పట్టింది పట్టినట్టే ఆరిపోతుంది. "నాకసలు చెమటే పట్టట్లేదు" అనిపిస్తుంది. అప్పుడు టోపీ తీసి చూసుకోవాలి. నా నల్ల టోపీ అంచున తెల్లగా మూడు వరుసల ఉప్పు గీతలు, చెరువు ఎండుతూ పోతే గట్టున మిగిలే చారల్లా కనిపించాయి. పోయిన చెమటకు లెక్క అక్కడ దొరికింది.

ఇక నన్ను ఏడిపించింది ఎండ కాదు, చలి. డిసెంబరులో జైసల్మేర్‌లో రాత్రి ఏడెనిమిది డిగ్రీలకు పడిపోతుంది. ఎడారే కదా అని పలచటి టీషర్టు, ఒక విండ్‌చీటర్‌తో పోయాను. రాత్రి రెండింటికి, పరుగువాళ్ల కోసం దారిలో పెట్టిన ఒక చెక్‌పోస్టు దగ్గర చాయ్ కోసం ఆగితే పళ్లు టకటకా కొట్టుకుంటూ గ్లాసు పెదవికి అందలేదు. అక్కడి వలంటీరు తన కంబళి తీసి నాకు కప్పాడు. రెండోసారి పోయినప్పుడు బ్యాగులో అన్నింటికన్నా పైన పెట్టుకున్నది మంకీ క్యాప్.

అపోహ: ఎడారి అంటే అంతా ఇసుకే

కాదు. సహారాలోనే ఇసుక దిబ్బలున్నది పావువంతు నేల మాత్రమే, మిగతాదంతా ఎక్కువగా రాయి, గులకరాళ్లు, గట్టి నేల. థార్‌లో మేం పరుగెత్తిన దారిలోనూ చాలా భాగం తారు రోడ్డే. కానీ ఇసుక వచ్చినచోట లెక్క మారిపోతుంది. గట్టి నేల మీదికన్నా ఇసుకలో పరుగెత్తడానికి సుమారు 1.6 రెట్లు, నడవడానికి రెండు రెట్లకు పైగా శక్తి ఖర్చవుతుందని కొలిచి చూశారు. ప్రాక్టీసుకు రాజస్థాన్ దాకా పోనక్కర్లేదు. ఎండాకాలం మంథని దగ్గర గోదావరి, ఆ పక్కన మానేరు, మేడారం జంపన్నవాగు, ఎక్కడ చూసినా కావలసినంత ఇసుక. ఇసుక లారీలు తిరిగే చోట మాత్రం వద్దు. నీళ్లు పారుతున్న వాగులో అసలే వద్దు.

అపోహ: దమ్మున్నోడు నడవకూడదు, మొత్తం ఉరకాలె

మాలో ఎక్కువమంది సగం దూరం నడుస్తారు. ఎదురెక్కుడులో నడుస్తారు, ఇసుకలో నడుస్తారు, తినేటప్పుడూ నడుస్తారు. 42.195 కిలోమీటర్లు దాటిన ఏ పరుగైనా అల్ట్రానే, అందులో గెలుపంటే పెట్టిన గడువు, అంటే కటాఫ్ టైమ్‌లోపు చేరడం. ఈ తరహా పరుగులన్నింటికీ పెద్దన్న మొరాకోలోని మారథాన్ దే సాబ్ల్. 1986 నుంచి జరుగుతోంది. సుమారు 250 కిలోమీటర్లు, తిండీ పక్కబట్టా వీపున మోసుకుంటూ దాదాపు వారం రోజులు. అక్కడ కూడా అందరికన్నా వెనక ఒంటెలు వస్తుంటాయి. అవి మనల్ని దాటిపోకపోతే చాలు. నేను అక్కడికి పోలేదు. దాని ఫీజుకు పీఈటీ జీతం చాలదు.

దారి గురించి ఒక మాట. 1994లో అదే పరుగులో మౌరో ప్రోస్పెరి అనే ఇటలీ ఆయన ఇసుక తుఫానులో దారి తప్పి, పది రోజుల దాకా తిరిగి తిరిగి చివరికి అల్జీరియాలో తేలాడు. గాలి లేచి దారి కనపడకపోతే ఉన్నచోటే ఆగాలి. "కొంచెం ముందుకుపోతే దొరుకుతదేమో" అనే ఆలోచన ప్రమాదం.

అపోహ: ఎన్ని నీళ్లు తాగితే అంత మంచిది

నేనైతే దీని గురించే ఎక్కువ భయపడతాను. నీళ్లు తక్కువైతే ప్రమాదమని అందరికీ తెలుసు. ఉప్పు లేకుండా ఉత్త నీళ్లు లీటర్లకు లీటర్లు తాగితే రక్తంలో సోడియం పడిపోతుందని, అది మెదడు వాపు దాకా పోయి ప్రాణం తీస్తుందని చాలామందికి తెలియదు. రెండోసారి పోయినప్పుడు మాతో వచ్చిన తమ్ముడొకడు ప్రతి చెక్‌పోస్టులో బాటిల్ ఖాళీ చేస్తూ పోయాడు. అరవై కిలోమీటర్ల దగ్గర వాడి వేళ్లు ఉబ్బి ఉంగరం తిరగడం లేదు. "తల తిరుగుతుందన్నా, కక్కు వస్తుంది" అన్నాడు. పక్కనున్నవాళ్లు పాపం, డీహైడ్రేషన్ అనుకుని ఇంకో బాటిల్ చేతిలో పెట్టారు. నేను లాక్కున్నాను. మెడికల్ టెంట్‌లో కూర్చోబెట్టాం, అక్కడితో వాడి పరుగు ఆగిపోయింది. దాహమైనప్పుడు తాగండి, తాగేదాంట్లో ఉప్పు ఉండేలా చూసుకోండి, అంతే. వేళ్ల వాపు, కక్కు, తిక్కతిక్కగా మాట్లాడటం కనిపిస్తే నీళ్లు పోయకండి, డాక్టర్ని పిలవండి.

ఓఆర్ఎస్ ప్యాకెట్‌ను చిన్న గ్లాసులో కలుపుకునేవాళ్లను రోజూ చూస్తున్నాను. పెద్ద ప్యాకెట్ లీటరు నీళ్లకు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం లీటరుకు ఉప్పు 2.6 గ్రాములు, గ్లూకోజ్ 13.5, పొటాషియం క్లోరైడ్ 1.5, ట్రైసోడియం సిట్రేట్ 2.9, మొత్తం 20.5 గ్రాములు. గ్లాసులో కలిపితే అది మందు కాదు, కడుపు మీద దెబ్బ. డబ్బాల్లో అమ్మే తియ్యటి జ్యూసులు ఓఆర్ఎస్ కావు. హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ గారు ఏళ్ల తరబడి కొట్లాడితే, ఆ లెక్కకు సరిపోని పానీయాల పేర్లలో ఓఆర్ఎస్ అనే మాటే ఉండొద్దని 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ చెప్పింది.

తిండి గురించి చాలా అడుగుతారు. ఉరికేవాళ్లు శక్తి కోసం మింగే జెల్ ప్యాకెట్లు నాకు మూడు దాటితే వెగటు. పల్లిపట్టీ, నువ్వుల లడ్డు, మా అవ్వ చేసిచ్చిన సకినాలు పట్టుకుపోతాను. సకినాల్లో ఉప్పుంది, నూనె ఉంది, బియ్యప్పిండి ఉంది, ఇంతకన్నా ఏం కావాలి? బ్యాగులో పొడి అవుతాయి, నిజమే. ఆ పొడి అరచేతిలో పోసుకుని నాకుతూ నడిచాను.

అపోహ: కాళ్లు నొస్తే ఒక గోలీ వేసుకుని ఉరకొచ్చు

వద్దు. ఒంట్లో నీరు తగ్గినప్పుడు ఇబుప్రొఫెన్ లాంటి నొప్పి గోలీలు కిడ్నీల మీద పడతాయి. మూత్రం కోలా రంగులో వస్తే పరుగు అక్కడే ఆపి ఆసుపత్రికి పోవాలి. దీంట్లో బేరాల్లేవు.

పాదాల సంగతి ఇంకా ఉంది. గంటలు గడిచేకొద్దీ పాదం ఉబ్బుతుంది, అందుకే బూట్లు ఒక సైజు పెద్దవి కొనాలి. ఇసుక లోపలికి పోకుండా బూటు చుట్టూ గుడ్డ తొడుగు ఉండాలి, గెయిటర్ అంటారు. ఆన్‌లైన్‌లో ధర చూసి కళ్లు తిరిగి, మా వీధి టైలర్‌తో పారాషూట్ గుడ్డతో కుట్టించాను. బూటు అంచు చుట్టూ వెల్క్రో కుట్టమంటే చెప్పులు కుట్టే ఆయన నన్ను ఎగాదిగా చూసి, "కొత్త బూట్లకు గిదేం రోగం సారూ" అన్నాడు. కుట్టు మాత్రం వంద కిలోమీటర్లు నిలిచింది. కాలిలో ఎక్కడైనా మంటగా అనిపించగానే, బొబ్బ రాకముందే ఆగి టేపు వేయాలి. "తర్వాతి చెక్‌పోస్టులో చూద్దాంలే" అనుకున్న ప్రతిసారీ నాకు ఒక గోరు పోయింది. ఇప్పటికి మూడు.

అపోహ: నువ్వు ఉరికితే పైసలు వాటంతట అవే వస్తయి

పరుగు చూసి ఎవరూ పైసలియ్యరు, మనిషిని చూసి ఇస్తారు. మా పదో తరగతి బ్యాచ్ వాట్సాప్ గ్రూప్‌లో మొదట పెట్టిన పోస్టర్‌కు నలభై దండాల బొమ్మలు వచ్చాయి, రూపాయి రాలేదు. తర్వాత ఒక్కొక్కరికి ఫోన్ చేశాను. "కిలోమీటరుకు పది రూపాయలు అనుకో, నేను వంద పూర్తి చేస్తే వెయ్యి. డెబ్బై దగ్గర పడిపోతే ఏడువందలియ్యి చాలు" అంటే నవ్వి ఒప్పుకున్నారు. కొందరు వందా పూర్తి చేయకున్నా వెయ్యి ఇస్తామన్నారు. పోస్టర్ కన్నా ఫోన్ వెయ్యి రెట్లు నయం.

మా బాపు మొదటిరోజే అడిగాడు: "వాన పడి ఊరు మునిగితే నువ్వు వాన లేని జాగకు పోయి ఉరుకుడేందిరా?" సూటి ప్రశ్న. ఆ పరుగుకు నేను వరదకు ముందే పేరు ఇచ్చి ఉన్నాను, వరద రాకున్నా పోయేవాణ్నే. ఆ మాట అందరికీ ముందే చెప్పాను. రైతుల కోసమే ఎడారిలో ప్రాణం పణంగా పెడుతున్నానని కథ అల్లితే ఇంకో రెండు వేలు ఎక్కువ వచ్చేవేమో. నాకు నచ్చలేదు.

అపోహ: చందా పైసలతోనే రాజస్థాన్ చూసొచ్చిండు

ఇది నా ముఖం మీదే అన్నారు, అదీ మావాళ్లే. తప్పు సగం నాదే. మొదటిసారి ఎంట్రీ ఫీజు, రైలు టికెట్, బూట్లు నా జీతంలోంచే అని నోటితో చెప్పాను గానీ రాసి పెట్టలేదు. రెండోసారి మొదటి మెసేజ్‌లోనే రాశాను. చందా ఒక్క రూపాయి కూడా నా ఫోన్‌పేకి రాలేదు, నేరుగా రిజిస్టర్ అయిన ట్రస్టు ఖాతాకే పోయింది. ట్రస్టు వాళ్లు పది రోజులకోసారి పేర్లు, మొత్తం పంపితే గ్రూప్‌లో పెట్టేవాణ్ని. దీనికి పట్టిన టైమ్, టెన్షన్ ముందు వంద కిలోమీటర్ల పరుగు నయమనిపించింది.

పన్ను మినహాయింపు గురించి అడిగేవాళ్లకు: ట్రస్టుకు ఆదాయపన్ను శాఖ గుర్తింపు (1961 చట్టంలో 80జీ) ఉండాలి, ఏడాది చివర విరాళం సర్టిఫికెట్ ఇవ్వాలి. నగదుగా ఇచ్చింది 2,000 రూపాయలు దాటితే మినహాయింపు రాదు. కొత్త పన్ను విధానం ఎంచుకున్నవాళ్లకు అసలే రాదు. ముఖ్యమంత్రి సహాయ నిధికైనా నేరుగా ఇవ్వొచ్చు.

అపోహ: అమెరికాలో ఉన్నోళ్లు ఖాతాలో వేస్తే అయిపాయె

వరంగల్‌లో వీధికి పదిమంది పిల్లలు అమెరికాలో ఉన్నారు కాబట్టి ఇది తప్పక వస్తుంది. భారత పాస్‌పోర్టు ఉన్న ఎన్ఆర్ఐ తన సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవాళ్లు పంపితే మాత్రం, భారత మూలాలున్న విదేశీయులకు ఇచ్చే ఓసీఐ కార్డు ఉన్నా, విదేశీ విరాళమే. విదేశీ విరాళాల చట్టం కింద ఎఫ్‌సీఆర్ఏ రిజిస్ట్రేషన్ ఉన్న సంస్థకే పంపాలి, అది ముందు ఢిల్లీ స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచిలోని ఖాతాకే రావాలి. అక్కడినుంచి ఇంకో సంస్థకు మళ్లించడానికీ వీల్లేదు. మా ట్రస్టుకు ఆ రిజిస్ట్రేషన్ లేదు. ఒక మిత్రుడి పెద్ద మొత్తం వద్దని చెప్పాల్సి వచ్చింది. ఇప్పటికీ అలిగే ఉన్నాడు.

అపోహ: పైసలెందుకు, పాత బట్టలు పంపితే చాలదా?

వరద వచ్చిన వారంలో ఒక బడి వరండాలో చూశాను. నడుము ఎత్తు బట్టల కుప్ప, కిందిభాగం తడిసి వాసన. పైన ఒక పట్టు లంగా, ఒక సూటు కోటు. వాటిని ఏరేందుకు నలుగురు మనుషులు రోజంతా కూర్చున్నారు. ఆ నలుగురూ అటువైపు బావుల్లో బ్లీచింగ్ వేయించే పనిలో ఉండాల్సినవాళ్లు. మొదటి మూడు రోజులు వండిన అన్నం, మంచినీళ్లు, దుప్పట్లు కావాలి. ఆ తర్వాత కావలసింది పైసలే, ఎందుకంటే అక్కడ ఏం కావాలో అక్కడివాళ్లకే తెలుసు.

మేం అడిగినప్పుడు వాళ్లు చెప్పింది ఇసుక. వరద తగ్గేటప్పుడు వాగు పొలాల్లో ఇసుక మేటలు వేసిపోయింది, మోకాలు లోతు దాకా. కింద నాటు, పైన ఇసుక. అది తీస్తే గానీ మడి మడి కాదు. మా పైసలు జేసీబీ గంటలకు, ట్రాక్టర్ ట్రిప్పులకు పోయాయి.

జేసీబీ వచ్చిన రోజు నేనూ పోయాను. ఎకరంన్నర ఉన్న ఒక పెద్దమ్మ గట్టు మీద కూర్చుని ఉంది. నన్ను చూపించి ఎవరో ఎడారిలో ఉరికిన సారు ఈయనే అన్నారు. ఆమె పక్కనున్న మేటలోంచి గుప్పెడు ఇసుక తీసి, "గిసోంటి ఇసుకలనేనా బిడ్డా ఉరికింది?" అంది. ఇది దొడ్డుది పెద్దమ్మా, అక్కడిది గోధుమపిండి లెక్క మెత్తగా ఉంటదని చెప్పాను. ఆమె ఒక క్షణం గుప్పిట్లోది చూసి కింద పోసేసి, ట్రాక్టర్ డ్రైవర్ వైపు తిరిగి కేకేసింది: "ఓ పిలగా, అటు పోయకు, అది మా మరిది మడి!"