కెమెరాలో బాగుందంటే గొంతు బాగున్నట్టేనా?

"కెమెరా పెట్టి చూశారండి, ఏటీ లేదన్నారు. మరి గొంతెందుకు పెగలట్లేదు?" బరంపురంలో నా ఓపీకి పర్లాకిమిడి నుంచో గుణుపురం నుంచో వచ్చినవాళ్ల నోట ఈ మాట వినని వారం లేదు. ఇంట్లోవాళ్లు అప్పటికే "అంతా టెన్షన్" అని తేల్చేసి ఉంటారు.

అపోహ: స్వర తంత్రులు (గొంతులో కంపించి మాట పుట్టించే మడతలు) నున్నగా కనిపిస్తే మచ్చ లేనట్టే.

వాస్తవం: మామూలు లైటులో కాయ (చిన్న గడ్డ), వాపు, రంగు తెలుస్తాయి. మచ్చ చాలాసార్లు తెలియదు. పైపొర కిందుండే మెత్తటి పొర గట్టిపడటమే మచ్చ. మాట్లాడేటప్పుడు తంత్రులు మగవాళ్లలో సెకనుకు 100 సార్లకు పైగా, ఆడవాళ్లలో సుమారు 200 సార్లు కంపిస్తాయి. కంటికి అంత వేగం అందదు. స్ట్రోబోస్కోపీ (స్ట్రోబ్) అనే పరీక్షలో లైటు ఆ కంపనానికి కాస్త తేడాతో వెలిగి ఆరుతుంది కాబట్టి కదలిక నెమ్మదిగా కనిపిస్తుంది. మంచి తంత్రి మీద చెరువులో అల పాకినట్టుంటుంది. మచ్చ ఉన్నచోట ఆ అల చచ్చిపోతుంది. కోత లేదు, కూర్చుని "ఈ..." అనడమే. గొంతు మరీ బొంగురైతే మాత్రం లైటు లయ పట్టుకోలేదు.

ప్రాక్టీసు మొదట్లో నేనూ ఒక టీచరమ్మకు "అంతా బాగుంది" అని రాసి పంపేశాను. అంతకు ఏడాది ముందే ఆవిడ కాయ తీయించుకున్నారు. రెండేళ్ల తర్వాత స్ట్రోబ్‌లో చూస్తే ఎడమ తంత్రి మీద అల లేదు. ఆవిడ కళ్లనీళ్లు పెట్టుకుని, "అయితే నేను నటించట్లేదు కదండీ" అన్నారు. ఆ రెండేళ్లూ అరిచి అరిచి పాఠాలు చెప్పారు.

తంత్రి నుంచి పరీక్షకు ముక్క తీస్తే తేలిపోతుందంటారు. తీసినచోటే కొత్త మచ్చ పడొచ్చు. క్యాన్సర్ అనుమానం ఉంటే అది వేరే సంగతి, అప్పుడు ఆలస్యం చేయకూడదు. లేజర్‌తో మచ్చ చెరిగిపోదు, ముందు వాయిస్ థెరపీ చేయాలి. తేనె, వేడినీళ్లు అన్నవాహికలోకి పోతాయి, తంత్రుల మీదికి కాదు. కంటి ఆసుపత్రిలో రెటీనాకు చేసే ఓసీటీ అనే స్కాన్ 1991లో వచ్చింది. ఎక్స్‌రే కాదు, పరారుణ కాంతి, మిల్లీమీటరు రెండు మిల్లీమీటర్ల లోతు చూపిస్తుంది. గొంతుకు అది ఇంకా ఎక్కువగా పరిశోధనల్లోనే ఉంది, దానికోసం ఊళ్లు తిరగకండి.

బొంగురు నాలుగు వారాలు దాటితే చూపించుకోండి. "స్ట్రోబ్ చేశారా?" అని అడగండి. పాత ఆపరేషన్ కాగితాలు తెచ్చుకోండి. ఎప్పుడైనా ఐసీయూలో శ్వాసకు గొట్టం వేసి ఉంటే అది కూడా చెప్పండి.