మాటకు మార్కులు లేని ఇంగ్లిష్ పరీక్ష

ఇంగ్లండ్‌లో పదహారేళ్ల వయసులో రాసే జీసీఎస్ఈ (మన పదో తరగతి లాంటి పరీక్ష) ఇంగ్లిష్‌లో తప్పిన పిల్లలు ఆ పరీక్షను మళ్లీ మళ్లీ రాయాలా అన్న వాదన ప్రతి ఆగస్టులో ఫలితాలతోపాటే లేచి, తరగతులు మొదలయ్యేసరికి సద్దుమణుగుతుంది. ఈసారి సద్దుమణగలేదు. 2025 వేసవిలో 17 ఏళ్లు, ఆపైన వయసులో జీసీఎస్ఈ ఇంగ్లిష్ లాంగ్వేజ్ రాసినవారిలో 4వ గ్రేడు (9 నుంచి 1 దాకా ఉండే గ్రేడ్లలో పాసుగా లెక్కించేది) గానీ అంతకన్నా మెరుగైన గ్రేడు గానీ తెచ్చుకున్నవారు 20.9 శాతమే. ఆ తర్వాత అక్టోబరులో పదహారేళ్లు దాటినవారి చదువుపై ప్రభుత్వం శ్వేతపత్రం, నవంబరులో ప్రొఫెసర్ బెకీ ఫ్రాన్సిస్ పాఠ్యప్రణాళికా సమీక్ష తుది నివేదిక వెలువడడంతో చర్చ మళ్లీ మొదటికొచ్చింది.

నిబంధన అందరికీ తెలిసిందే. 4వ గ్రేడు రానివారు సిక్స్త్ ఫార్మ్ కాలేజీలో (మన జూనియర్ కాలేజీ లాంటిది) చేరినా, వృత్తివిద్యా కాలేజీలో చేరినా ఇంగ్లిష్ చదువుతూనే ఉండాలి. అలా చదివించని కాలేజీకి నిధుల్లో కోత పడుతుంది. 2011లో ఆలిసన్ వోల్ఫ్ వృత్తివిద్యపై ఇచ్చిన నివేదికను దీనికి మూలంగా చూపుతారు. కానీ ఆ నివేదిక కోరింది పిల్లలు ఇంగ్లిష్, గణితం వదిలిపెట్టకూడదని. 2014లో నిధులకు షరతు పెట్టినప్పుడు కూడా జీసీఎస్ఈకి దారితీసే చిన్న మెట్టు పరీక్షల ద్వారా ముందుకు వెళ్లే వెసులుబాటు ఉండేది. డి గ్రేడు (పాత అక్షరాల గ్రేడ్లలో ఇప్పటి 3వ గ్రేడుకు సమానం; సి ఇప్పటి 4వ గ్రేడుకు) వచ్చిన పూర్తికాల విద్యార్థులు జీసీఎస్ఈనే రాసి తీరాలన్నది 2015 ఆగస్టు నుంచి బిగించిన ముడి. అప్పటికే ఆ పరీక్ష స్వరూపం మారిపోవడం మొదలైంది, నేటి గొడవకు అసలు కారణం అక్కడే ఉంది.

దాన్ని అర్థం చేసుకోవాలంటే 2012 వేసవికి వెళ్లాలి. ఆ ఏడాది జనవరిలో పరీక్ష రాసినవారికి సి గ్రేడు ఇచ్చిన మార్కులు జూన్‌లో రాసినవారికి సరిపోలేదు; ఒక పేపరులో సి గ్రేడుకు కావలసిన కనీస మార్కుల గీత ఏకంగా 10 మార్కులు పైకి జరిగింది. వేల్స్ విద్యామంత్రి తమ పరీక్షల బోర్డు చేత గ్రేడ్లను తిరిగి లెక్క కట్టించారు. ఇంగ్లండ్‌లో పాఠశాలలు, స్థానిక సంస్థలు, విద్యార్థులు కలిసి హైకోర్టుకు వెళ్లి 2013 ఫిబ్రవరిలో ఓడిపోయారు. పరీక్షల నియంత్రణ సంస్థ ఆఫ్‌క్వాల్ మాత్రం ఆ గొడవ నుంచి వేరే పాఠం తీసుకుంది: ఉపాధ్యాయులు స్వయంగా వేసే మార్కులను నమ్మలేమని. అదే ఏడాది ఆగస్టులో వినడం, మాట్లాడడం అనే భాగాన్ని, అప్పటిదాకా గ్రేడులో 20 శాతం ఉన్నదాన్ని, లెక్కలోంచి తీసేస్తున్నట్టు ప్రకటించింది. 2015లో పాఠాలు మొదలై 2017లో తొలిసారి పరీక్ష జరిగిన కొత్త జీసీఎస్ఈలో తరగతి గదిలో చేసే రాతపని కూడా పోయి, మొత్తం గ్రేడు చివరి పరీక్ష మీదే నిలిచింది.

మార్కులు వేయడంలో ఒక బడికీ మరో బడికీ పొంతన లేదన్న ఆఫ్‌క్వాల్ మాటలో నిజం లేకపోలేదు. అయితే కొలవడం కష్టమైనదాన్ని పక్కన పెట్టేయడం వల్ల నష్టపోయింది ఎవరన్నది అప్పుడు ఎవరూ గట్టిగా అడగలేదు.

జీసీఎస్ఈ పరీక్షలు నడిపే బోర్డుల్లో ఒకటైన ఏక్యూఏ పరీక్షనే చూడండి. గంటా నలభై ఐదు నిమిషాల పేపర్లు రెండు, ఒక్కొక్కటి 80 మార్కులకు. రెండో పేపరులో 19వ శతాబ్దపు వచనం ఒకటి, ఆధునిక కాలపు రచన ఒకటి పక్కపక్కన ఉంటాయి. ఇద్దరు రచయితల దృక్పథాలు ఎలా వేరుపడ్డాయో, వాటిని చెప్పడానికి ఏ పద్ధతులు వాడారో పోల్చి రాయాలి. సెలూన్ పని నేర్చుకుంటున్న అమ్మాయి కుర్చీలో కూర్చున్న మనిషితో మాట కలిపి, ఏం కావాలో రాబట్టి, వద్దన్నదాన్ని గుర్తుపెట్టుకుని పని చేయగలదు. ఆ పిల్లకు భాష వచ్చని చెప్పడానికి ఈ రెండు పేపర్లలోనూ చోటు లేదు. నవంబరులో తప్పితే జూన్, జూన్‌లో తప్పితే మళ్లీ నవంబరు. ఇలా చదివించే ఉపాధ్యాయులు ఏళ్ల తరబడి చెబుతున్నది ఒకటే: పిల్లలు తరగతికి వచ్చేది నేర్చుకోవడానికి కాదు, ఓడిపోయామన్న సంగతి మరోసారి వినడానికి.

ప్రభుత్వ పక్షం వాదన క్లుప్తంగా ఇది: యజమానులు గుర్తించేది జీసీఎస్ఈనే, నిబంధన లేకపోతే చాలామంది పదహారో ఏటే ఇంగ్లిష్ వదిలేసేవారు. రెండో మాట కాదనలేనిది. కానీ గ్రేడ్ల గీతలు గీసేటప్పుడు ఏటా ఫలితాలు పెద్దగా మారకుండా చూస్తారు గనుక, పదహారేళ్ల వయసులో మూడో వంతుమంది దాకా గీతకు దిగువనే మిగులుతారు. పాఠశాల, కళాశాల నాయకుల సంఘం నియమించిన విచారణ బృందం 2019లో ఈ మూడో వంతు గురించే నివేదిక ఇచ్చి, నైపుణ్యాన్ని నేరుగా చూపే వేరే ఇంగ్లిష్ అర్హత కావాలని కోరింది. అప్పట్లో దానికి ఫలితం దక్కలేదు.

ఇప్పుడు శ్వేతపత్రం 2వ గ్రేడు, అంతకన్నా తక్కువ వచ్చినవారికి జీసీఎస్ఈకి సన్నద్ధం చేసే కొత్త మెట్టు అర్హతను ప్రతిపాదించింది. ఫ్రాన్సిస్ సమీక్ష మరో అడుగు వేసి, జీసీఎస్ఈ ఇంగ్లిష్ లాంగ్వేజ్ పాఠ్యాంశాన్నే తిరిగి చూడాలని, బడుల్లో మాట్లాడే నైపుణ్యానికి ఒక చట్రం ఉండాలని సిఫార్సు చేసింది. 2013లో గ్రేడులోంచి తీసేయాలని నిర్ణయించిన మాటను బడిలోకి తిరిగి పిలుస్తున్నారు. గ్రేడులోకి మాత్రం పిలవలేదు. ఇక సరిగ్గా 3వ గ్రేడు దగ్గర ఆగిపోయిన పిల్లలు ఎప్పటిలాగే వచ్చే నవంబరులో అవే రెండు పేపర్లు రాయాలి.