ఏ ఏడాది నీళ్లు పంచుకోవాలి?

రెండు రాష్ట్రాల మధ్య నీళ్ల గొడవ అనగానే డ్యామ్ గేట్లు, పోలీసు బందోబస్తు గుర్తొస్తాయి గానీ, గొడవలో సగం లెక్క దగ్గరే మొదలవుతుంది. అసలు నదిలో ఉన్న నీళ్లెన్ని? పొలమైతే గట్టేసి చెరిసగం అనుకోవచ్చు, నది ఒక ఏడు పొంగి పొర్లుతుంది, మరో ఏడు ఇసుక తేలుతుంది.

కృష్ణానే తీసుకోండి. రాష్ట్రాల మధ్య ఆ నీళ్ల తగవు తీర్చడానికి 1969లో వేసిన బచావత్ ట్రిబ్యునల్ 78 ఏళ్ల ప్రవాహాల లెక్కలు ముందేసుకుంది. వాటిని ఎక్కువ నుంచి తక్కువకు వరసగా పేర్చుకుని, పైనుంచి ముప్పావు వంతు దిగొచ్చాక కనిపించే అంకెను పట్టుకుంటే అదే 75 శాతం విశ్వసనీయత, అంటే నాలుగేళ్లలో మూడేళ్లు కనీసం అన్ని నీళ్లొస్తాయన్న అంచనా. తేలింది 2060 టీఎంసీలు. (టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు, క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు. రోజంతా 11,574 క్యూసెక్కులు పారితే ఒక్క టీఎంసీ, ఊహించుకోండి.) పొలాలకు వాడాక మళ్లీ నదిలోకి చేరే పునరుత్పత్తి జలాలు పక్కన పెడితే మహారాష్ట్రకు 560, కర్ణాటకకు 700, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు 800 వచ్చాయి.

మరి ఆ నాలుగో ఏడాది సంగతి? ఎగువ జలాశయాలు ముందు నిండుతాయి కాబట్టి కరువు దెబ్బ కిందివాళ్ల మీదే పడుతుంది. అందుకే ఆ 2060కి పైన వచ్చే మిగులు జలాలు వాడుకునే వెసులుబాటు చివరనున్న ఆంధ్రప్రదేశ్‌కు ఇచ్చారు, హక్కు మాత్రం లేదన్నారు. 2010లో బ్రిజేశ్ కుమార్ ట్రిబ్యునల్ 47 ఏళ్ల లెక్క తీసుకుని 65 శాతం దగ్గర గీత గీస్తే అదే నదికి 2293 టీఎంసీలు తేలాయి. మిగులు అనుకున్నదాన్నీ పంచేశారు, దిగువవాళ్లకు టెన్షన్ ఎందుకో అర్థమవుతోంది కదా.

అమెరికా వాళ్లు ఇంతకంటే పెద్ద తప్పే చేశారు. 1922లో కొలరాడో నదిని ఏడు రాష్ట్రాలు ఎగువ, దిగువ అని రెండు జట్లుగా, జట్టుకు ఏటా 75 లక్షల ఎకరం-అడుగుల (ఎకరం నేల మీద అడుగు లోతున నిలిచే నీళ్లు ఒక ఎకరం-అడుగు) చొప్పున పంచుకున్నాయి. 1944లో మెక్సికోకు ఇంకో 15 లక్షలు ఒప్పుకున్నారు. మొత్తం 165 లక్షలు. వాళ్లు చూసుకున్న ఏళ్లు మామూలు కంటే బాగా తడి ఏళ్లని తర్వాత చెట్ల మాను వలయాలు చెప్పాయి, నీళ్లున్న ఏడు వలయం లావుగా, ఎండిన ఏడు సన్నగా పడుతుంది మరి. 2000 తర్వాతి రెండు దశాబ్దాల సగటు 130 లక్షలు కూడా లేదు.

నా మటుకు నాకు భారత్, బంగ్లాదేశ్‌ల 1996 గంగా ఒప్పందం పద్ధతే కాస్త నయమనిపిస్తుంది. జనవరి నుంచి మే దాకా, పది రోజులకో లెక్క. పశ్చిమ బెంగాల్‌లో గంగ మీదున్న ఫరక్కా బ్యారేజీ దగ్గర 70 వేల క్యూసెక్కులు గానీ, అంతకు తక్కువ గానీ ఉంటే చెరిసగం, ఎక్కువుంటే వేరే సూత్రం. కొలిచేది కూడా రెండు దేశాల సిబ్బంది కలిసే. అయితే ప్రవాహం 50 వేల కంటే పడిపోతే ఏం చేయాలి? వెంటనే కూర్చుని మాట్లాడుకోవాలని మాత్రమే రాసుకున్నారు.